డిటెక్టివ్ పొరపాటు చేస్తే నష్టం ఎవరు కట్టాలి?

జగ్గయ్యపేటలోనో నందిగామలోనో ‘ప్రైవేట్ డిటెక్టివ్’ అని బోర్డు కట్టిన ఆఫీసు కోసం బజారంతా తిరిగినా కనబడడం కష్టమే. ఆ పని మాత్రం ఆగదు. అమ్మాయికి హైదరాబాదు సంబంధం వస్తే కుర్రాడి గురించి వాకబు చేసిపెట్టే మనిషి ఎవరో ఒకరు దొరుకుతారు. జీవిత బీమా పాలసీ కట్టిన రెండేళ్లలోపే ఇంటి పెద్ద చనిపోతే, క్లెయిము కాగితాలిచ్చిన కొన్నాళ్లకు కంపెనీ తరఫున ఇంకొకరు బండేసుకుని ఊళ్లోకి దిగుతారు. హైవే మీద యాక్సిడెంటు కేసు ట్రిబ్యునల్‌కు చేరితే, ఆ లారీయే గుద్దిందా, వేరే బండి గుద్దితే దీని నంబరు రాయించారా అని చిల్లకల్లు, కీసర టోల్ గేట్ల దగ్గర టీ కొట్లలో అడిగే మూడో మనిషి వస్తారు.

ముగ్గురి పనీ ఆరా తీయడమే. ముగ్గురూ రాసే రిపోర్టు మీద ఎవరిదో ఒకరి బతుకు ఆధారపడి ఉంటుంది. ఒక పెళ్లి ఆగిపోవచ్చు, ఒక విధవరాలికి రావలసిన ఐదు లక్షలు రాకుండా పోవచ్చు. మరి ఆ రిపోర్టే తప్పయితే?

లాయరు తప్పు చేస్తే బార్ కౌన్సిల్ ఉంది, డాక్టరుకు మెడికల్ కౌన్సిల్ ఉంది. ప్రైవేటు డిటెక్టివుకు అలాంటిది ఏదీ లేదు. 2005 నాటి ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం కాపలాదార్లను పెట్టే సంస్థలకు లైసెన్సు ఉండాలంది గానీ డిటెక్టివుల జోలికి పోలేదు. వాళ్లకోసం విడిగా ఒక బిల్లును 2007లో రాజ్యసభలో పెట్టారు. అది చట్టం కాలేదు. అంటే ఈ రోజు ఎవరైనా విజిటింగు కార్డు అచ్చు వేయించుకుని డిటెక్టివునని చెప్పుకోవచ్చు. చదువు, పరీక్ష, డిపాజిట్ ఏవీ అక్కర్లేదు. బీమా కూడా తప్పనిసరి కాదు. ‘చంటబ్బాయ్’ సినిమాలో చిరంజీవి వేసిన డిటెక్టివు వేషం చూసి 1986లో నవ్వుకున్నాం. ఇన్నేళ్లయినా ఆ వృత్తికి అర్హత ఏమిటో మన చట్టం తేల్చలేదు.

కాబట్టి ఈ పని చేసేవాళ్లు, చేయించుకునేవాళ్లు, దీనివల్ల నష్టపోయేవాళ్లు ముగ్గురూ బీమా సంగతి తెలుసుకోవడం మంచిది.

ఒక ఉదాహరణ అనుకుందాం. నందిగామ దగ్గరి పల్లెలో ఒక తండ్రి, కూతురికి వచ్చిన సంబంధం గురించి కనుక్కోమని విజయవాడ ఏజెన్సీకి పని అప్పగించాడు. ఒకే ఇంటిపేరు, ఒకే పేరు ఉన్న అన్నదమ్ముల బిడ్డలు మన ఊళ్లలో ఇద్దరు ముగ్గురు ఉండడం మామూలే. ఏజెన్సీ కుర్రాడు ఒకరి బదులు ఇంకొకరి గురించి ఆరా తీసి, ‘ఇతనికి ఇదివరకే పెళ్లయింది, కేసు నడుస్తోంది’ అని రాసిచ్చాడు. సంబంధం తప్పిపోయింది. నిజం బయటపడ్డాక పెళ్లికొడుకు వాళ్లు పరువునష్టం నోటీసు పంపారు, కట్టిన ఫీజు, అయిన ఖర్చు ఇప్పించమని అమ్మాయి తండ్రీ ఏజెన్సీ మీద పడ్డాడు.

ఇలాంటి పొరపాటుకోసమే ప్రొఫెషనల్ ఇండెమ్నిటీ అనే పాలసీ ఉంది. వృత్తిలో అజాగ్రత్త వల్ల ఎదుటివారికి జరిగిన నష్టానికి పరిహారం, కోర్టు ఖర్చు పాలసీ మొత్తానికి లోబడి కంపెనీ భరిస్తుంది. డాక్టర్లు, ఆడిటర్లు, ఇంజినీర్లు తీసుకునేది ఇదే. ఏజెన్సీ వాళ్లు మాత్రం పాలసీ తీసుకునేటప్పుడు పరువునష్టం దావాలు ఇందులో ఉన్నాయా లేవా అని అడిగి, రాతలో చూసుకోవాలి. ఆ అంశాన్ని విడిగా కలిపితే తప్ప ఇవ్వని పాలసీలూ ఉంటాయి. ఈ వృత్తిలో అన్నిటికంటే ముందు వచ్చే దావా అదే కాబట్టి, అది లేని పాలసీకి ప్రీమియం కట్టి లాభం లేదు.

రెండో మెలిక ఇంకా ముఖ్యం. మోటారు పాలసీలో ప్రమాదం జరిగిన రోజు పాలసీ ఉందా అని చూస్తారు. ఇండెమ్నిటీ పాలసీల్లో మామూలుగా, మీమీద దావా వచ్చిన రోజు పాలసీ ఉందా అని చూస్తారు. నిరుడు రిపోర్టు ఇచ్చారు, అప్పుడు పాలసీ ఉంది. ఈ ఏడు రెన్యూవల్ మానేశారు, ఈ ఏడే నోటీసు వచ్చింది. పైసా రాదు. పాలసీలో వెనకటి తేదీ ఒకటి రాసి ఉంటుంది, ఆ తేదీకి ముందు చేసిన పనుల మీద వచ్చే దావాలూ చెల్లవు. అందుకే ఏటేటా తెంపకుండా కట్టాలి, కంపెనీ మార్చినా ఆ పాత తేదీ కొనసాగేలా రాయించుకోవాలి. లాయరు నోటీసు రాగానే కంపెనీకి రాతపూర్వకంగా తెలపాలి. బతిమాలి సర్దుకుందామని ముందే తప్పు ఒప్పుకుని డబ్బు ఇచ్చేస్తే, మమ్మల్ని అడక్కుండా ఎందుకిచ్చావని కంపెనీ చేతులు దులుపుకుంటుంది. ఇంకొకటి, ప్రీమియం ముందుగా అందనిదే కంపెనీ మీద బాధ్యత ఉండదని బీమా చట్టం 64వీబీ సెక్షను చెబుతోంది. ఏజెంటు చేతిలో డబ్బు పెట్టి ‘రేపు కడతాలెండి’ అన్న మాట నమ్ముకోకండి.

ఇక అసలు సంగతి. పొరపాటుకే బీమా, నేరానికి కాదు. తెలిసి చేసిన మోసం, చట్టవిరుద్ధమైన పని, కోర్టు వేసే జరిమానా, వీటిని ప్రతి ఇండెమ్నిటీ పాలసీ పక్కన పెడుతుంది. ఈ వృత్తిలో గిరాకీ ఎక్కువ ఉన్న పనులు కొన్ని అటువంటివే కావడం విచారం.

కాల్ రికార్డులు తెప్పించడం అందులో మొదటిది. ఎవరు ఎవరితో ఎంతసేపు మాట్లాడారన్న ఆ పట్టికను దొంగదారిన సంపాదించి అమ్ముతున్నారని 2018లో మహారాష్ట్రలోని థానే పోలీసులు పలువురు ప్రైవేటు డిటెక్టివులను అరెస్టు చేశారు. 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం 42వ సెక్షను ప్రకారం ఇలా అనుమతి లేకుండా సమాచారం లాగినా, మాటలు చాటుగా విన్నా మూడేళ్ల వరకు జైలు, లేదా 2 కోట్ల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఒక ఆడమనిషి వాడే ఇంటర్నెట్టు, ఈమెయిలు, ఇతర ఎలక్ట్రానిక్ సంభాషణల మీద నిఘా పెట్టడం భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షను కింద నేరం. మొదటిసారికి మూడేళ్ల వరకు శిక్ష. నేరాన్ని పట్టుకునే బాధ్యత ప్రభుత్వం అప్పగిస్తే ఆ సెక్షను నుంచి మినహాయింపు ఉంది. భర్తో అత్తగారో ఫీజు ఇచ్చి అప్పగిస్తే ఆ మినహాయింపు రాదు. పోలీసునని, ఆదాయపు పన్ను ఆఫీసరునని చెప్పి సమాచారం లాగితే అదే సంహిత 204వ సెక్షను, తక్కువలో తక్కువ ఆరు నెలలు, ఎక్కువలో మూడేళ్లు.

‘భార్యాభర్తల రహస్య రికార్డింగులు చెల్లుతాయని సుప్రీంకోర్టే చెప్పిందిగా’ అని కొందరు అంటున్నారు. 2025 జూలైలో విభోర్ గార్గ్ కేసులో ఇచ్చిన తీర్పు అది. భర్త తన భార్యతో తానే మాట్లాడిన మాటల రికార్డింగును వాళ్లిద్దరి మధ్య నడిచే విడాకుల కేసులో సాక్ష్యంగా తీసుకోవచ్చని చెప్పింది. బయటి మనిషి వచ్చి ఫోన్‌లో నిఘా యాప్ పెట్టడానికి అది అనుమతి పత్రం కాదు.

ఇలాంటి పని చేయమని డబ్బిచ్చినవాళ్లకూ చిక్కే. చట్టవిరుద్ధమైన పనికోసం చేసుకున్న ఒప్పందం 1872 కాంట్రాక్టు చట్టం 23వ సెక్షను ప్రకారం చెల్లదు. కాల్ లిస్టు తెస్తానని యాభై వేలు పుచ్చుకుని ఎగ్గొట్టిన మనిషి మీద దావా వేసి గెలవలేరు. ‘ఏం జరిగినా నేను చూసుకుంటా’ అని డిటెక్టివుకు మీరు కాగితం రాసిచ్చినా, నేరం చేయించడానికి ఇచ్చిన ఆ హామీ అదే చట్టం 224వ సెక్షను ప్రకారం నిలవదు. దాని ముందున్న 223వ సెక్షను మాత్రం, మంచి నమ్మకంతో చేసిన పని వల్ల ఇతరుల హక్కులకు భంగం కలిగి ఏజెంటు నష్టపోతే పని అప్పగించినవారే ఆదుకోవాలంటుంది. అంటే డిటెక్టివు నిజాయితీగా చేసిన పొరపాటు కొన్నిసార్లు మీ నెత్తికీ చుట్టుకోవచ్చు. పని అప్పగించేటప్పుడు ఏం చేయమన్నారో, ఏం చేయొద్దన్నారో కాగితం మీద ఉండాలనేది ఇందుకే.

పరువునష్టం విషయంలో వాకబు చేసేవాళ్లకు చట్టం కొంత రక్షణ ఇచ్చింది. న్యాయ సంహిత 356వ సెక్షనులో మినహాయింపులున్నాయి. ఒకరి మేలుకోరి, మంచి నమ్మకంతో, వాళ్లకు మాత్రమే హెచ్చరికగా చెప్పిన మాట పరువునష్టం కాదు. రిపోర్టు సీలు వేసి అమ్మాయి తండ్రి చేతికిస్తే ఆ గొడుగు కింద నిలబడవచ్చు. అదే రిపోర్టును ఆ తండ్రి కులపెద్దల వాట్సాప్ గ్రూపులో పెడితే నిలవదు, అప్పుడు కేసు ఆయన మీదే.

ఈ వృత్తిలో ఉన్నవాళ్లకు పనికొచ్చే మిగతా పాలసీలు క్లుప్తంగా చెబుతాను. జీతానికి పెట్టుకున్న కుర్రాడు రాత్రివేళ హైవే మీద బండి నడుపుతూ పడితే, యజమాని బండికి ఉన్న ఓనర్-డ్రైవర్ ప్రమాద బీమా అతనికి వర్తించదు. అతని పేరు మీద విడిగానో, సిబ్బందికి అందరికీ కలిపి గ్రూపుగానో తీసుకోవాలి. ఖాతాదారుల కాగితాలు, ఫొటోలు ఉన్న కంప్యూటరు చోరీకి గురైనా, ఎవరైనా చొరబడి లాగేసినా సైబర్ పాలసీ ఆదుకుంటుంది. వ్యక్తిగత డేటా రక్షణ చట్టం నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి, దశలవారీగా అమల్లోకి వస్తున్నాయి కాబట్టి ఇకమీదట దీని అవసరం పెరుగుతుంది. ఆఫీసు సామాను కోసం చిన్న వ్యాపారాల వాళ్లకు ‘భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష’ ఉంది. వ్యాపారం కోసం తీసుకున్న పాలసీ కాబట్టి వినియోగదారుల కోర్టుకు రాకూడదని కంపెనీ లాయరు అంటే బెదరొద్దు. నష్టం పూడ్చుకోవడానికి తీసుకునే బీమా లాభం కోసం చేసే వ్యాపారం కాదని 2023 ఏప్రిల్‌లో హర్సోలియా మోటార్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

డిటెక్టివును కుదుర్చుకునేవాళ్లు అడగవలసినవి ఎక్కువేం లేవు. పేరు, చిరునామా, జీఎస్టీ ఉంటే ఆ నంబరు, రసీదు, పని వివరం రాసిన ఒప్పందం, ఇండెమ్నిటీ పాలసీ కాపీ, దాని గడువు తేదీ. డబ్బు నగదుగా కాకుండా బ్యాంకు ద్వారా ఇవ్వండి. డబ్బు తీసుకుని పని చేయకపోయినా, తప్పుడు రిపోర్టు ఇచ్చినా అది సేవాలోపం. 2019 వినియోగదారుల చట్టం కింద మీరు నివసించే చోటే కేసు వేయొచ్చు. ఏజెన్సీ హైదరాబాదులో ఉన్నా మన వాళ్లకు విజయవాడలోని వినియోగదారుల కమిషన్ చాలు. గడువు రెండేళ్లు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపయితే ఫీజు లేదు.

ఇప్పుడు, మన మెట్ట పల్లెల్లో అందరికంటే ఎక్కువమందికి ఎదురయ్యే మనిషి దగ్గరికి వద్దాం. బీమా కంపెనీ పంపిన ఇన్వెస్టిగేటరు.

ఆయన రావడమే తప్పని నేననను. 2021లో నల్గొండ జిల్లా దామరచర్ల ప్రాంతంలో, పేదల పేర బీమా చేయించి, వాళ్లను చంపి, రోడ్డు ప్రమాదాలుగా చూపించిన ముఠాను పోలీసులు పట్టుకున్నారు. 2023 జనవరిలో మెదక్ జిల్లాలో ఒక ప్రభుత్వోద్యోగి బీమా డబ్బు కోసం ఇంకొక మనిషిని చంపి, కారులో తగలబెట్టి, చనిపోయింది తానేనని నమ్మించబోయాడు. ఆరా తీసేవాళ్లు ఉండాల్సిందే. కానీ ఆ ముఠాల పాపం నిజాయితీగా ప్రీమియం కట్టిన పత్తి రైతు భార్య మోయకూడదు.

మొదట ఆయన ఎవరో తెలుసుకోండి. ఆస్తి, వాహన నష్టాలను లెక్కగట్టే సర్వేయరుకు బీమా చట్టం 64యూఎం సెక్షను కింద లైసెన్సు ఉండాలి, నంబరు అడగవచ్చు. ఇన్వెస్టిగేటరుకు అటువంటి లైసెన్సు లేదు. కంపెనీ ఇచ్చిన అధికార పత్రం, గుర్తింపు కార్డు చూపించమనండి, ఫోన్‌లో ఫొటో తీసుకోండి. ఆయన పోలీసు కాదు. ఇల్లు సోదా చేయడానికి, ఒరిజినల్ కాగితాలు పట్టుకుపోవడానికి, స్టేషనుకు రమ్మనడానికి ఆయనకు అధికారం లేదు. ‘ఇంత ఇస్తే అనుకూలంగా రాస్తా’ అంటే ఆ మాట అన్న తేదీ, సమయం రాసి పెట్టుకుని కంపెనీకి ఫిర్యాదు చేయండి.

అసలు ప్రమాదం సంతకం దగ్గర. శోకంలో ఉన్న ఇంట్లో ఇంగ్లీషులో రాసిన వాంగ్మూలం మీద వేలిముద్ర వేయించుకుంటారు. అందులో ‘మా ఆయనకు ఐదేళ్లుగా షుగరు ఉంది, మందులు వాడుతున్నారు’ అని ఉంటుంది. ఊరి ఆర్‌ఎంపీ దగ్గరా ఇదే తీరులో ఒక ముక్క రాయించుకుంటారు. ఆరు నెలల తరవాత క్లెయిము తిరస్కరణ ఉత్తరంలో ఆ రెండు కాగితాలే సాక్ష్యాలుగా కనబడతాయి. మీకు చదవడం వచ్చిన భాషలో రాస్తేనే సంతకం చేయండి. చదువు రాకపోతే పిల్లల చేతనో పక్కింటి టీచరు చేతనో చదివించుకున్నాకే వేలిముద్ర వేయండి. ఖాళీ కాగితం మీద ఎట్టి పరిస్థితిలోనూ వేయకండి. సంతకం చేసిన ప్రతి పేజీ ఫొటో మీ దగ్గర ఉండాలి. గుర్తులేని విషయాన్ని గుర్తులేదనే చెప్పండి, ఊహించి చెప్పొద్దు. ఆస్పత్రి రికార్డులు మీరే తెప్పించుకోండి. అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని వైద్యుల 2002 నియమావళి చెబుతోంది.

ఎంతవరకు తవ్వవచ్చు అన్నదానికి బీమా చట్టం 45వ సెక్షను హద్దు గీసింది. జీవిత బీమా పాలసీ మూడేళ్లు దాటాక ఏ కారణం మీదా దాన్ని ప్రశ్నించడానికి వీల్లేదు. అయితే ఆ మూడేళ్లు పాలసీ ఇచ్చిన రోజు, రిస్కు మొదలైన రోజు, పునరుద్ధరించిన రోజు వంటి వాటిలో ఏది వెనక అయితే దాన్నుంచి లెక్క. పంట పోయిన ఏడు కట్టలేక ల్యాప్సయిన పాలసీని, మిర్చి డబ్బు చేతికొచ్చాక మళ్లీ బతికించుకునే అలవాటు మనకుంది. అప్పుడు మూడేళ్ల లెక్క కొత్తగా మొదలవుతుంది. ల్యాప్సు కానివ్వకుండా చూసుకోవడం అందుకే మేలు.

మూడేళ్ల లోపు అయినా, ఏ కారణంతో, ఏ ఆధారంతో తిరస్కరిస్తున్నారో కంపెనీ రాతపూర్వకంగా చెప్పాలి. దాచారంటున్న విషయానికి, రిస్కుకు నేరుగా సంబంధం ఉండాలి. మోసం కాదు, చెప్పకపోవడం మాత్రమే అయితే కట్టిన ప్రీమియం 90 రోజుల్లో వెనక్కివ్వాలి. మోసమని ఆరోపిస్తే మాత్రం జాగ్రత్త. పాలసీదారు బతికి లేనప్పుడు, మోసం లేదని చూపించే భారం వారసుల మీదే పెట్టింది ఆ సెక్షను. ఇది చాలామంది లాయర్లూ మరిచిపోయే వాక్యం. ప్రపోజల్ ఫారం కాపీ అందుకే విలువైనది. పాలసీ చేతికందగానే అందులో ఏజెంటు ఏం నింపాడో చదువుకోండి, తప్పుంటే సరిచేయించండి. నచ్చకపోతే 30 రోజుల్లో వెనక్కి ఇచ్చేయొచ్చు.

ఇన్వెస్టిగేటరు రిపోర్టు వచ్చేసింది కాబట్టి అంతా అయిపోయిందనుకోకండి. లైసెన్సున్న సర్వేయరు రిపోర్టే చివరి మాట కాదని 2009లో ప్రదీప్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. లైసెన్సు లేని మనిషి రిపోర్టు అంతకంటే గొప్పది కాదు కదా. రాసిన మనిషి అఫిడవిట్ వేశారా, అందులో పేర్కొన్న ఆర్‌ఎంపీ వచ్చి ప్రమాణం చేశారా అని అడగడం మీ హక్కు. ఫోన్ ఫొటోలు, రికార్డింగులు పెడితే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షను కింద సర్టిఫికెట్ ఉండాలి. రోడ్డు ప్రమాదాల ట్రిబ్యునల్లో క్రిమినల్ కేసులోలాగా సందేహానికి తావులేని రుజువు అక్కర్లేదు, ఏది ఎక్కువ నమ్మదగినదిగా ఉందో చూస్తారు. అక్కడ ఆర్నెల్లలో పిటిషను వేయాలన్న నిబంధన మీద వివాదం సుప్రీంకోర్టు ముందుంది గానీ, దాన్ని నమ్ముకుని ఆలస్యం చేయొద్దు.

విచారణ పేరుతో ఏళ్లు గడపడానికీ వీల్లేదు. బీమా నియంత్రణ సంస్థ (ఐఆర్‌డీఏఐ) 2024 నిబంధనల ప్రకారం మరణ క్లెయిమును 15 రోజుల్లో, విచారణ అవసరమైతే 45 రోజుల్లో తేల్చాలి. దాటితే బ్యాంకు రేటుకు 2 శాతం కలిపి వడ్డీ ఇవ్వాలి.

తిరస్కరిస్తే ముందు కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయండి. 155255కు ఫోన్ చేసినా, బీమా భరోసా వెబ్‌సైటులో పెట్టినా నమోదవుతుంది. నెలలో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు వెళ్లండి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ ఆయన పరిధిలోవే. 50 లక్షల వరకు తీర్పు ఇవ్వగలరు, ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. వ్యక్తిగత పాలసీలకే కాదు, సొంతంగా నడుపుకునే చిన్న వ్యాపారాల పాలసీలకూ ఆ తలుపు తెరిచే ఉంటుంది. కాగితాలు రాసుకోవడం రాకపోతే నందిగామ, జగ్గయ్యపేట కోర్టుల్లోని మండల న్యాయ సేవా కమిటీని అడగండి, లేదా 15100కు ఫోన్ చేయండి. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా న్యాయ సహాయం ఉచితం.

ఇంట్లో తిరస్కరణ ఉత్తరం ఏదైనా ఉంటే ఇప్పుడే తీసి దాని మీద తేదీ చూడండి. అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లడానికి ఏడాది, వినియోగదారుల కమిషన్‌కు రెండేళ్లు గడువు.